మూడో సెన్సారు

ముందుగా ఒక మాట. ఇందులో ఒత్తులు జారిపోయి ఉంటాయి, దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండవు. దిద్దుకుని చదవండి. అక్షరాలు నాకు తల నెరిశాక పరిచయమయ్యాయి, ఇంకా వాటితో చనువు ఏర్పడలేదు. మీరు ఒక్క గుక్కలో చదివేసేది రాయడానికి నాకు ఎన్నో పొద్దులు పట్టింది. సంగతి నాదే అయినా ‘ఆమె’ అని రాస్తున్నాను. ‘నేను’ అని మొదలుపెట్టిన ప్రతిసారీ కలం సిగ్గుపడి ఆగిపోయింది.

తపాలా బిళ్ళల, కవర్ల పోటీ పెట్టిన బడిపిల్లల ఆటల గదిలో, బంతి వేసే ఇనప వలయానికి సరిగ్గా కింద, నాలుగు గాజు చట్రాల పక్కన స్టూలు వేసుకుని ఆమె కూర్చుంది. నేల మీద ఎర్రగీతలు, తెల్లగీతలు, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే అర్ధచంద్రాలు. స్టూలు కాళ్ళు రెండు ఎర్రగీతకు లోపల, రెండు బయట. తప్పు చేసిన ఆటగాళ్ళను ఈల వేసి బయటికి పంపేది ఈ గీతల దగ్గరే కాబోలు అనుకుంది, ఎందుకంటే తన తప్పు తనకు తెలిసి ఇంకా కాసేపు కూడా కాలేదు. నిర్ణేతలు ముగ్గురూ అవతలి వరుసలో పక్షుల తపాలా బిళ్ళల దగ్గర ఉన్నారు. పక్షుల తరవాత ఓడలు, ఓడల తరవాత యుద్ధకాలపు తపాలా, అంటే తను. చట్రాలకు తాళాలు పడ్డాయి. ఒకసారి నిర్ణేతలు గదిలో అడుగుపెట్టాక ఎవరి చట్రమూ తెరవకూడదని నియమాల కాగితంలో ఉంది. తప్పుడు వివరణ ఉన్న ప్రదర్శన రాజధానిలోని పెద్ద హాలుకు వెళ్ళదని కూడా ఉంది. ఆ కాగితం ఆమె వేలు పెట్టి, మాట మాటకూ ఆగి, స్వయంగా చదువుకున్న కాగితం. కనక తెలియదని చెప్పుకోవడానికి కూడా లేదు. చదువు రావడంలో ఉన్న చిక్కు ఇదీ, అనుకుని నవ్వుకుంది.

ఇదంతా ఆడపడుచు నోటి చలవ. తోడు వస్తానని వచ్చింది, చట్రాల ముందు అటూ ఇటూ తిరిగింది, నాలుగో చట్రం దగ్గర ఆగి ముక్కు గాజుకు ఆనించింది.

“వదినా, ఈ నక్షత్రం.”

“ముక్కు తియ్యి. గాజు మీద ఆవిరి పడుతోంది.”

“తీశాలే. ఇది మన దర్జీ మామ చీటీల మీద ఉండేదే కదా? కుట్టిన బట్టకు గుండుసూదితో చీటీ గుచ్చి ఇచ్చేవాడు. చీటీ మీద ఇదే నక్షత్రం, చుట్టూ ఇవే రంపం పళ్ళు.”

“నీకప్పుడు ఎనిమిదేళ్ళు. నీకేం గుర్తుంటుంది.”

“మనుషులు గుర్తుండకపోవచ్చు, గౌను గుర్తుంటుంది వదినా. ఆకుపచ్చ గౌను. జేబులు పెట్టమని బతిమాలితే పెట్టలేదు, పిసినారి మనిషి. సరే, నేను టీ తాగొస్తా. నీకూ తేనా?”

అంత తేలిగ్గా అనేసి వెళ్ళిపోయింది. గాజు వెనకనున్న కవరు మీద ఊదారంగు నక్షత్రం, దాని చుట్టూ పళ్ళ చక్రం, దాని కింద తెల్లచీటీ మీద ఆమె చేతిరాత: ‘మూడో సెన్సారు ముద్ర. ఏ పట్టికలోనూ లేదు.’ ఆ రెండు వాక్యాలు రాయడానికి ఆమె ఆరు చీటీలు పాడుచేసింది.

సెన్సారు అంటే ఏమిటో ఆమెకు అక్షరాల కంటే ముందే తెలుసు. ఆమె భర్త యుద్ధంలో లారీ నడిపేవాడు. అలాంటి మనిషి ఇంటికి ఉత్తరం రాస్తే, అది ముందు ఆయన పైఆఫీసరు చదువుతాడు. ఎక్కడున్నదీ, ఎటు పోయేదీ రాసి ఉంటే కొట్టేస్తాడు. కవరు ఎడమ మూల సంతకం గీకి ముద్ర వేస్తాడు. దారిలో ఇంకో పెద్ద కార్యాలయంలో మరొకరు దాన్ని పక్కనుంచి కోసి, చదివి, కాగితపు పట్టీ అంటించి, పట్టీ మీద తమ ముద్ర వేస్తారు. ఊరి పేరు ఉండదు, తేదీ ముద్ర మధ్యలో సైనిక తపాలా కార్యాలయం నంబరు ఒక్కటే ఉంటుంది. తపాలా బిళ్ళ ఉండదు, సైనికుడికి ఉచితం. ఇవన్నీ ఇప్పుడు ఆమె మాటల్లో చెప్పగలదు. అప్పుడు మాటలు లేవు, ఆకారాలే ఉన్నాయి. అంకెలు మాత్రం వచ్చు, బజారులో తూకపు రాళ్ళ మీద చూసి నేర్చుకున్నవి. తపాలా మనిషి మెట్ల కింద నిలబడి కేకేస్తే గబగబా దిగి వెళ్ళి, కవరు చేతిలో పడగానే ముందు చూసేది గుండ్రటి ముద్రలోని అంకెలు. అవే అంకెలుంటే కదలలేదన్నమాట. మారితే కదిలాడన్నమాట. ముందుకో వెనక్కో తెలియదు, కానీ కదిలాడంటే బండి బాగుంది, చేతులు బాగున్నాయి, కాళ్ళు బాగున్నాయి. మూడు మూలల ముద్ర ఉంటే పిసినిగొట్టు ఆఫీసరు, లోపల వాక్యాలకు వాక్యాలు బ్లేడుతో కోసి కిటికీలు పెట్టి ఉంటాయి. ఆరు మూలల ముద్ర ఉంటే మంచి ఆఫీసరు, నీలం పెన్సిలుతో ఒకటీ అరా కొట్టేసి పోనిస్తాడు. ఆ ఇద్దరి పేర్లూ ముఖాలూ ఆమెకు ఈనాటికీ తెలియవు, కానీ మూడు మూలలవాణ్ణి తలచుకుంటే పెదాలు బిగించిన సన్నటి మనిషీ, ఆరు మూలలవాణ్ణి తలచుకుంటే బొజ్జ మీద గుండీ ఊడిన మనిషీ కళ్ళ ముందుకు వస్తారు. ఉత్తరంలో ఏముందో తెలుసుకోవడం తరవాతి పని. అది ఆమె చేతిలో లేదు. అది ఇంటి కింద దుకాణంలో దర్జీ మామ చేతిలో ఉంది.

కుట్టుమిషను చప్పుడు ఆగితే ఉత్తరం చదవబోతున్నాడని అర్థం. అత్తగారు కొలతలకు వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చునేది, ఈ ఆడపడుచు కింద రంగు ముక్కల కుప్పలో కూర్చునేది, ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడేది. మామ కళ్ళజోడు తుడిచి, కాగితం దూరంగా పట్టుకుని, బట్ట కొలిచినట్టు పైనుంచి కిందికి ఒకసారి చూసి చదివేవాడు. ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను, చలి ఎక్కువగా ఉంది, నేను... అంటూ ఉన్నట్టుండి దగ్గేవాడు. ఖళ్ళు ఖళ్ళుమని రెండు దగ్గులు, ఒక్కోసారి పెద్ద దగ్గుతెర. దగ్గు ఆగాక వాక్యం ఎక్కడో అవతలి ఒడ్డున తేలేది, మేజోళ్ళు అందాయని. పాపం దూది, దారప్పోగులు, గొంతు పాడైందని ఆమె జాలిపడేది. మిరియాల కషాయం కూడా కాచి ఇచ్చింది ఒకటి రెండుసార్లు. ఆయన వద్దనకుండా తాగేవాడు.

ఓడల దగ్గరికి వచ్చేశారు. ముగ్గురిలో పెద్దావిడ, కళ్ళజోడుకు తాడు కట్టుకున్నావిడ, ఒక్కో కవరు ముందు ఆగి ఏదో అడుగుతోంది. ఓడల మనిషి చేతులు ఊపుతూ చెబుతున్నాడు, ఓడ మునిగేంతగా ఊపుతున్నాడు. వాళ్ళ వెనకే భూతద్దం గారు. ముద్రల సంఘానికి ఆయన కార్యదర్శి, నిద్రలో కూడా భూతద్దం మెళ్ళో ఉంటుందని ప్రతీతి. ఆమెను దూరం నుంచి చూసి బొటనవేలు పైకెత్తాడు. ఆమె చూపు తిప్పుకుంది. తనొక్కతే అయితే నవ్వేసి ఊరుకునేది, కానీ ఈ నక్షత్రం మీద ఆయన ఎంత ముచ్చటపడ్డాడని. మొదటిరోజు ఆమె అట్టపెట్టె పట్టుకుని సంఘం గదికి వెళ్ళినప్పుడు, ఇవి ఎందుకమ్మా అని తోసెయ్యలేదు. కుర్చీ వేసి, కవరును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని ఎలా చూడాలో నేర్పాడు. ఇత్తడి ముద్ర అయితే గీత సన్నగా దిగుతుంది, రబ్బరైతే అంచు ఉబ్బుతుంది, ఏ సిరా మీద ఏ సిరా ఉందో చూస్తే ఏది ముందు పడిందో చెప్పొచ్చు. నక్షత్రాన్ని చూసిన రోజు ఆయన కుర్చీలో నిలవలేదు.

“అమ్మా, దీంట్లో చెక్క చార కనిపిస్తోంది చూశారా? చెక్కతో చేసిన ముద్ర. యుద్ధంలో రబ్బరు దొరకలేదు, అందుకని చెక్క వాడారు. పైగా ఇది పట్టీ మీద, పట్టీ ముద్ర మీద పడింది. అంటే అందరికంటే ఆఖరున వేసింది. ఊరు చేరాక ఇంకొకడు చూశాడన్నమాట. మూడో సెన్సారు.”

“మూడోవాడు కూడా ఉంటాడా అండీ?”

“ఉంటాడని ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదమ్మా. మీ కవర్లే చెబుతున్నాయి.”

ఎంత బాగా చెప్పాడు. ఒక్కటీ తప్పు లేదు, చెక్కా నిజమే, ఆఖరున పడిందీ నిజమే. ఇద్దరూ కలిసి ఒక్కో మెట్టూ జాగ్రత్తగా ఎక్కి, మెట్లన్నీ సరిగ్గానే ఉండి, తీరా చూస్తే పక్కింటి మేడ మీదికి చేరారు. నంబర్లు మారాయి, ఆఫీసర్లు మారారు, మూడు మూలలు పోయి ఆరు మూలలు వచ్చాయి, నక్షత్రం మాత్రం మొదటి ఉత్తరం నుంచి చివరిదాకా ఒకటే. ఏ సెన్సారు లారీ డ్రైవరు వెంట యుద్ధమంతా తిరుగుతాడు? ఆ మాట తనకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు, ఎందుకంటే అక్షరం నేర్చిన కొత్తలో ఏ పట్టికలోనూ లేనిది తన పెట్టెలో ఉందంటే మనిషికి ఒళ్ళు తెలుస్తుందా.

ఒకవేళ ఆడపడుచుదే పొరపాటేమో. గౌను ఆకుపచ్చ కాదు, నీలం. జేబులు కూడా ఉన్నాయి, వాటిలో గుండీలు దొంగిలించి తెచ్చేది. గౌనే సరిగ్గా గుర్తులేనిది నక్షత్రం గుర్తుంచుకుంటుందా. ఆశ అలా ఒక్క క్షణం తోక ఆడించింది. కానీ గుండీలు అనుకోగానే దర్జీ బల్ల గుర్తొచ్చింది, బల్ల గుర్తుకు రాగానే దాని మీద ఊదారంగు సిరామెత్త, ఆ పక్కన ఆయన, ఆమె భర్త, పెద్దగా నవ్వుతూ.

ఆయన తన ఆఖరి ఉత్తరం కంటే ముందే ఇల్లు చేరాడు. బండి నడిపేవాడు రెండు పగళ్ళలో వస్తే, ఉత్తరం నడిచి వచ్చినట్టు వారానికి వచ్చింది. మనిషి ఎదురుగా ఉండగా దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. ఆయన చూసి, తెరవకుండా, పద పద అంటూ అమ్మనీ చెల్లినీ కూడా వెంటేసుకుని కిందికి దిగాడు.

“మామా, ఉత్తరం వచ్చింది. చదువు.”

“నువ్వే వచ్చావు కదయ్యా, ఇంకా నేను చదివేదేముంది?”

“ఇన్నాళ్ళూ రాసింది నేను, విన్నది వీళ్ళు. నువ్వెట్లా చదివేవాడివో నాకూ వినాలని ఉంది.”

మామ మిషను ఆపాడు. కళ్ళజోడు మామూలు కంటే ఎక్కువసేపు తుడిచాడు. ఇక్కడ క్షేమం. వాన తగ్గింది. బండికి కొత్త టైర్లు ఇచ్చారు. నేను... రెండు దగ్గులు. బూట్లు కూడా ఇచ్చారు.

“మామా, ‘నేను’ తరవాత నేను రాసింది దగ్గు కాదు.”

“గొంతులో దారప్పోగు పడిందయ్యా.”

“ప్రతి ఉత్తరానికీ పడిందా?”

“మీ అమ్మ ఆ కుర్చీలో కూర్చుంటుందయ్యా. ఆవిడ మొహం చూస్తూ ఆ మాటలు నా నోట ఎట్లా వస్తాయి? గుండీలు కుట్టుకునేవాణ్ణి, నన్నొదిలెయ్.”

“నాకు తెలుసులే,” అంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా. “నువ్వు దగ్గినప్పుడల్లా నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఇంత పెద్ద దగ్గేమిట్రా, వీడు ఇంత రాశాడా అని.”

ఆమె మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కకు తిరిగింది. తిరిగిన వైపు బల్ల ఉంది. మామ నవ్వు ఆపుకోలేక, అలవాటు చొప్పున, చదవడం అయిపోయిన కవరును బల్ల మీద బోర్లించి, మెత్త మీద చెక్క ముద్ర అద్ది, ఠప్‌మని కొట్టాడు. పని పూర్తయిన ప్రతిదానికీ ఆయన అలాగే కొట్టేవాడు, కోటుకు కట్టే చీటీకైనా, కొలతల కాగితానికైనా. కొట్టకపోతే ఆ పని తెమలలేదన్నట్టే ఆయనకు. అత్తగారు మళ్ళీ తెచ్చి ఇంకోసారి చదవమంటే, నక్షత్రం చూపించి, ఇది అయిపోయిందమ్మా అనేవాడు. అంతే. అంతా కళ్ళ ముందే జరిగింది. ఇంత స్పష్టంగా చూసిన మనిషి, ముద్ర మీద చూపు పెట్టకుండా ఆ రోజు భర్త నవ్వు మీదే పెట్టిందన్నమాట.

భర్త పోయాక చాలా రోజులు ఉత్తరాల పెట్టె తెరవలేదు. తెరిచిన రోజున కవర్లన్నీ గుర్తుపట్టింది, లోపలి కాగితం ఒక్కటీ గుర్తుపట్టలేకపోయింది. గ్రంథాలయంలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెప్పే పంతులమ్మ దగ్గర చేరింది. ఆవిడ ఆమె కంటే వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. అందరూ పలక తుడిచి రెండో మాట రాస్తుంటే ఆమె మొదటి అక్షరానికి తలకట్టు పెడుతూ ఉండేది. ‘ఏం తొందర లేదు నిదానమ్మా’ అనేది పంతులమ్మ. ఆ పేరే స్థిరపడింది, సంఘంలోనూ అదే, కిందింటి వాళ్ళూ అదే. చదవడం వచ్చాక దగ్గులు ఎక్కడెక్కడ వచ్చాయో వెతికింది. ‘నేను’ అన్న మాట పట్టుకుంటే చాలు. నేను నీ నవ్వు తలచుకుంటూ బండి నడుపుతుంటే గుంత కనపడక ఒక టైరు పోయింది. ఆఫీసరు గారూ, టైరు సంగతి కొట్టెయ్యండి, నవ్వు సంగతి ఉంచండి. అంత కాగితం మీద టైరు అన్న చోట నీలం గీత, నవ్వు అన్న చోట ఏమీ లేదు. కవరు తిప్పి చూస్తే ఆరు మూలలు. ఆరు మూలలవాడు ఉంచాడు. మూడోవాడు, కింద మిషను దగ్గర కూర్చున్నవాడు, దగ్గి తీసేశాడు. ఆ రాత్రి, ఒక్కతే, పక్కింటివాళ్ళు గోడ తట్టేంతగా నవ్వింది.

ఓడలు అయిపోయాయి. బూట్ల చప్పుడు గీతలు దాటుకుంటూ ఇటు వస్తోంది. ఊరుకుంటే ఏమవుతుంది? మామ లేడు, అత్తగారు లేదు, ఆయన లేడు. ఆడపడుచు నోరు టీ కప్పులో ఉంది. కవర్లు పెద్ద హాలుకు వెళతాయి, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి నిలబడి ఆయన నంబర్లు చదువుతారు, ఆ నంబర్ల వెంట ఆయన లారీ ఎక్కడ తిరిగిందో వేలుతో చూపించుకుంటారు. దానికోసమే కదా ఇంత పడింది. కానీ వాళ్ళు చదివేది ఆమె చేతిరాత. పుట్టాక కాగితం మీద ఏముందో మొదటిసారి తను ఇంకొకళ్ళకు చెబుతోంది. ఇన్నాళ్ళూ ఎవరో చదివితే నమ్మింది. ఇప్పుడు వాళ్ళు తనని నమ్ముతారు, నమ్మి తలాడిస్తారు, మూడో సెన్సారట అని ఇంటికెళ్ళి చెప్పుకుంటారు.

“ఇదేనా ఆ కొత్త ముద్ర?” తాడు కళ్ళజోడావిడ నాలుగో చట్రం ముందు వంగింది. “మీ కార్యదర్శి గారు పొద్దున్నుంచీ దీని గురించే చెబుతున్నారు.”

భూతద్దం గారు మునివేళ్ళ మీద లేచి నిలబడ్డాడు.

“అది సెన్సారు ముద్ర కాదండి,” అంది ఆమె.

“అమ్మా, నిన్న కూడా మనం...” అన్నాడాయన, మడమలు నేలకు దించుతూ.

“నిన్నటికి తెలియదండి. ఇవాళ తెలిసింది. మా ఇంటి కింద, ఇప్పుడు సైకిళ్ళ దుకాణం ఉన్న చోట, దర్జీ ఉండేవాడు. మాకు ఉత్తరాలు చదివిపెట్టి, అయిపోయిందని ఇది కొట్టేవాడు. బట్టల చీటీలకు కొట్టే ముద్ర.”

భూతద్దం గారు గాజు మీదికి వంగి, నక్షత్రాన్ని ఆఖరిసారి అన్నట్టు చూశాడు.

“చెక్కదే కదా?”

“చెక్కదేనండి.”

“ఆఖరున కొట్టిందే కదా?”

“మీరు చెప్పినట్టే. అందరి తరవాత.”

“మరైతే ఫరవాలేదు,” అని నిట్టూర్చి, జేబురుమాలు తీసి భూతద్దం తుడుచుకున్నాడు. “దర్జీ ఒక్కడే నాకు తట్టలేదు.”

నిర్ణేతలు ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. తాడు కళ్ళజోడావిడ తిరిగి వచ్చింది. “చట్రం తెరవడానికి లేదు. సవరణ చీటీ రాసి గాజు మీద అంటించవచ్చు. ప్రదర్శించినవాళ్ళే, మా ఎదురుగా రాయాలి.”

“వారు చెబుతారు, నేను రాస్తానండి,” అన్నాడు భూతద్దం గారు. “త్వరగా అయిపోతుంది...”

“నేనే రాస్తాను,” అంది ఆమె. “కాస్త సేపు పడుతుంది.”

“మా వదిన రాస్తోందా?” ఆడపడుచు రెండు కప్పులతో వచ్చి నిలబడింది. “అయితే కుర్చీలు తెచ్చుకోండి.”

నిజంగానే ఒకరు కుర్చీ తెచ్చుకున్నారు. చీటీ స్టూలు మీద పెట్టి, ఆమె నేల మీద ఎర్రగీత పక్కన మోకాళ్ళూని కూర్చుంది. ఇంతమంది చూస్తుండగా ఎప్పుడూ రాయలేదు. మొదటి తలకట్టు వంకరపోయింది, పోనిచ్చింది. ఓడల మనిషి వచ్చి చూశాడు, పక్షుల మనిషి వచ్చి చూశాడు. రాస్తుంటే చప్పుళ్ళు దూరమై, ఎదర తెల్లచీటీ ఒక్కటే మిగిలింది. ఒత్తు పెట్టడం మర్చిపోయి వెనక్కి వెళ్ళి పెట్టింది. చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగింది, రాయాలా వద్దా అని కాదు, ‘వదిలేసేవాడు’కు ఎన్ని కొమ్ములో గుర్తు రాక. తరవాత లేచి, ఎవరికీ ఇవ్వకుండా, తనే పైకి చదివింది.

“ఇది సెన్సారు ముద్ర కాదు. మా ఇంటి కింది దర్జీ ముద్ర. ఉత్తరం చదివి వినిపించాక కొట్టేవాడు. కొన్ని మాటలు చదవకుండా వదిలేసేవాడు.”

తాడు కళ్ళజోడావిడ చీటీ తీసుకుని, తనూ ఒకసారి లోలోపల చదువుకుంది. “ఏ మాటలు?”

“అవి ఇంట్లో ఉన్నాయండి. ఇక్కడికి కవర్లే తెచ్చాను.”

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది, ఆగలేదు. మిగతా ఇద్దరి వైపు చూసింది. వాళ్ళు తలలూపారు. చీటీని తిరిగి స్టూలు మీద పెట్టి, అడుగున ఉన్న జాగా వేలితో చూపించింది.

“ఇక్కడ పేరు, వయసు, ఉండే చోటు కూడా రాయండి. పెద్ద హాలులో అడుగుతారు.”

ఆమె మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. ఎవరూ కదలలేదు.

నిదానమ్మ.
డెబ్బై మూడేళ్ళు.
సైకిళ్ళ దుకాణం మీది గది. మెట్లు పక్క సందులోంచి.